నాలుగణాల పాట – జూక్‌బాక్స్ ముల్లు కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శిగారు కోరారు. రాజుల గురించీ కోటల గురించీ రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నాకు తెలిసిన ఒక చిన్న వస్తువు గురించి రాస్తానని మనవి చేశాను. అది హోటళ్ళలో ఉండే పాటల పెట్టె, జూక్‌బాక్స్. అందులోనూ ముఖ్యంగా దాని ముల్లు. ఆ ముల్లు విషయంలో నేనొక పొరపాటు చేశాను. మరొకరు చేయకూడదనే ఈ వ్యాసం.

మన వయసు వారికి జంట నగరాల ఇరానీ హోటళ్ళు గుర్తుండే ఉంటాయి. పాలరాతి బల్లలు, ఉస్మానియా బిస్కట్లు, పౌనా చాయ్. కొన్ని హోటళ్ళలో ఒక మూల రంగు దీపాలతో జూక్‌బాక్స్ వెలుగుతూ ఉండేది. నాణెం వేసి మీట నొక్కితే లోపల రికార్డు దానంతట అదే కదిలి వచ్చి పాడేది. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చి నాలుగణాలు కాస్తా 25 పైసలైనా, మన నోళ్ళలో మాత్రం అది చాలాకాలం నాలుగణాల బిళ్ళే. నన్ను అక్కడికి మొదటిసారి తీసుకువెళ్ళింది మా అన్నయ్య. ఆయనకు అప్పుడే ఉద్యోగం దొరికింది. ఇద్దరికీ చెరొక చాయ్, ఇద్దరికీ కలిపి ఒకే పాట. అంతకు మించి ఖర్చు పెట్టే స్తోమత లేదు. ఆ 25 పైసల బిళ్ళ 2011 జూన్ 30తో చెలామణీ నుంచి తప్పుకుంది. అన్నయ్య అంతకు ముందే వెళ్ళిపోయాడు.

డబ్బు వేస్తే పాడే యంత్రం చాలా పాతది. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ కనిపెట్టాడు. 1889 నవంబరు 23న శాన్‌ఫ్రాన్సిస్కోలో లూయీ గ్లాస్ అనే ఆయన దానికి నాణెం వేసే ఏర్పాటు చేసి ఒక వినోదశాలలో పెట్టాడు. లౌడ్ స్పీకరు లేని రోజులు. డాక్టరు స్టెతస్కోపులాంటి గొట్టాలు చెవులకు పెట్టుకుని వినాలి. ఒక్కో యంత్రానికి నాలుగు గొట్టాలు.

మన దేశంలో 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ వంటి వారి గానం రికార్డు చేశాడు. 1928లో డమ్‌డమ్‌లో రికార్డుల కర్మాగారం నడక ప్రారంభించింది. ఆ కాలపు 78 చుట్ల రికార్డుకు ముఖ్యమైన ముడిసరుకు లక్క. ప్రపంచానికి ఆ లక్కలో పెద్ద భాగం మన దేశపు అడవుల నుంచే వెళ్ళేది. లక్కలో రాతిపొడి కలిపి రికార్డు అచ్చు వేసేవారు. దానిపై నడిచే ఉక్కు ముల్లు గాడికి తగినట్టు తానే అరిగేది. అందుకే ఒక్కో పక్క పాడించగానే ముల్లు మార్చేవాళ్ళం. రికార్డు గట్టిది, ముల్లు మెత్తది అన్నమాట.

తరవాత ఈ వరుస తారుమారైంది. 1948లో కొలంబియా కంపెనీ 33 చుట్ల లాంగ్ ప్లే రికార్డునూ, 1949లో ఆర్‌సీఏ కంపెనీ 45 చుట్ల చిన్న రికార్డునూ తెచ్చాయి. ఇవి వినైల్ ప్లాస్టిక్‌వి, గాడి సన్నం. 78 రికార్డు ముల్లు మొన వ్యాసార్ధం అంగుళంలో వెయ్యోవంతులు మూడు. వీటికి ఒక్కటే. సీబర్గ్ కంపెనీ 1948లో నూరు పాటలు ఎంచుకునే జూక్‌బాక్స్ చేసింది. 1950లో అదే కంపెనీ 45 చుట్ల రికార్డులు పాడే పెట్టెను తెచ్చింది. ఇక ముల్లు నీలంతోనో వజ్రంతోనో చేసింది, రికార్డు మెత్తది. అరిగేది ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మా దూలపల్లి సంగతికి వస్తాను. అటవీ శిక్షణ అకాడమీ ఉన్న మా ఊళ్ళో, మా వీధిలోనే, వేరే శాఖలో పనిచేసి రిటైరైన మిత్రులొకరున్నారు. మూతపడిన ఒక హోటలు నుంచి ఆయన జూక్‌బాక్స్ కొని తెచ్చుకున్నారు. పేరు పలక ఊడిపోయింది. అమెరికా సరుకని మాత్రం తెలుస్తోంది. అక్కడ కరెంటు సెకనుకు 60 ఆవర్తనాలు, మనది 50. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు పెట్టినంత మాత్రాన మోటారు వేగం సరికాదు. 45 చుట్లు తిరగవలసిన రికార్డు 37న్నర చుట్లే తిరిగి, గాయకుడు నిద్రలో పాడినట్టుంటుంది. హోటలువారి మెకానిక్ ఎవరో ఆ రోజుల్లోనే మోటారు కప్పీని ఆ మేరకు లావు చేసి సరిదిద్దాడు. ఆ పనితనం చూసి పెట్టె అంతా బాగానే ఉందనుకున్నాను. అక్కడే బోల్తా పడ్డాను.

మా వదినగారికి ఎనభై దాటాయి. అన్నయ్య కొన్న ఘంటసాల పాటల చిన్న రికార్డొకటి ఆమె దగ్గర ఉంది. ఇంట్లో దాన్ని పాడించే యంత్రం చెడిపోయి చాలా ఏళ్ళైంది. "ఒక్కసారి వినిపించు మరిదీ" అని ఆమె అడిగితే, జూక్‌బాక్స్ ఉంది కదా అని తీసుకువెళ్ళాను. మొదటిసారి గరగర మంది. దుమ్మనుకుని తుడిచి మళ్ళీ వేశాను. మూడోసారి తరవాత ముల్లు చుట్టూ బూడిదరంగు పొడి కనిపించింది. అది దుమ్ము కాదు, రికార్డు తాలూకు వినైల్. గొంతులో స, శ అక్షరాలన్నీ చీరుకుపోయినట్టు వినిపించాయి. నాకు కాళ్ళు వణికాయి. కంసాలి త్రాసు తెచ్చి ముల్లు కింద పెడితే 11 గ్రాముల బరువు తేలింది. మొన పగిలి ఉంది.

ముల్లును పట్టి ఉంచే కార్ట్రిడ్జ్ అనే చిన్న భాగమే గాడిలోని కదలికను కరెంటుగా మారుస్తుంది. పాతకాలంలో అందులో రోషెల్ లవణం స్ఫటికం ఉండేది. అది వంగితే ఒక వోల్టు దాకా ఇస్తుంది గాని, తేమ తగిలితే కరిగిపోతుంది, ఎండకు చెడుతుంది. మన వానలకూ ఎండలకూ ఆగదు. దాని తరవాత సిరామిక్‌ది వచ్చింది. కాస్త మొండిది. రెండూ బిరుసువే. వాటిని కదిలించాలంటే పైన బరువు మోపాలి. మూడోది అయస్కాంతంది. ముల్లు వెనక చిన్న అయస్కాంతం, పక్కన తీగచుట్టలు. రెండు మూడు గ్రాముల బరువు చాలు. అయితే ఇది ఇచ్చేది వోల్టులో వెయ్యోవంతులు కొన్ని మాత్రమే. కాబట్టి దాన్ని పెంచే వేరే యాంప్లిఫైయరు కావాలి. రికార్డు కోసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి తారాన్ని పెంచుతారు. 1954లో దానికొక ప్రమాణం ఏర్పడింది. వినేటప్పుడు ఆ లెక్కను తిరగవేయడం కూడా ఈ యాంప్లిఫైయరు పనే.

కార్ట్రిడ్జ్ మార్చవలసిందే అన్నాను. మిత్రులు ఒప్పుకోలేదు. "పాత వస్తువు పాతగానే ఉండాలండీ" అన్నారు. ఆయన మాటలోనూ న్యాయముంది. చివరికి మా ఉద్యోగ ధర్మం ప్రకారమే రాజీ కుదిరింది: పాత ఫైలు కాగితం చింపకూడదు, కొత్త నోటు చేర్చాలి. చేతికి కొత్త రంధ్రం పెట్టకూడదు. తీసిన ప్రతి భాగాన్నీ చీటీ కట్టి డబ్బాలో భద్రపరచాలి.

ష్యూర్ ఎం44-7 రకం పాతది సంపాదించాం. ఆ కంపెనీ 2018లో కార్ట్రిడ్జ్‌ల తయారీ మానుకుంది గాని, జపాను ముళ్ళు దొరుకుతున్నాయి. దాని మరల మధ్య దూరం అర అంగుళం. పాత చేతికి అది కుదరదు. జీడిమెట్ల పారిశ్రామికవాడలో అల్యూమినియం రేకుతో చిన్న బిగింపు చేయించాం. చేయి వెనక తూకానికి ఇత్తడి దిమ్మ లేత్ పట్టించాం. ముల్లు బరువు 3 గ్రాములకు తెచ్చాం. రికార్డు మోనో కాబట్టి రెండు చానళ్ళనూ కలిపేశాం. గాడిలో నిలువుగా వచ్చే రొద చాలావరకు అణగింది.

ఇంతటితో అయిపోలేదు. పాట పూర్తయ్యాక చేయి లోపలి గాడిలోనే తిరుగుతూ ఉండిపోయింది. రికార్డు అయిపోయిందని యంత్రానికి తెలిపే మీటను పాత చేయి తన బరువుతో నెట్టేది. తేలిక చేతికి ఆ బలం లేదు. మీటలో ఎండిన గ్రీజును కిరోసిన్‌తో కడిగి, చుక్క సన్న నూనె వేస్తే కదిలింది. తరవాత మోటారు నుంచి గుంయ్‌మనే శబ్దం. అయస్కాంతపు కార్ట్రిడ్జ్ దాన్ని పీల్చుకుంటుంది. తీగను దూరంగా తిప్పి ఎర్తు సరిచేశాం. ఇదంతా రెండు నెలలు పట్టింది. ఈలోగా అన్నయ్య రికార్డును ముట్టుకోలేదు. పనికిరాని రికార్డులతోనే పరీక్షించాం.

ఆఖరికి వదినగారిని తీసుకువచ్చాం. కొత్త ముల్లు మొన ఇంకా సన్ననిది, వెయ్యోవంతులో పదింట ఏడు వంతులు. అది గాడిలో కొంచెం లోతుగా, అరగని చోట నడిచింది. గొంతు చాలావరకు తిరిగి వచ్చింది. పూర్తిగా కాదు. నేను గీకేసిన చోట్ల ఇప్పటికీ చీరిక ఉంది. ఏ ముల్లూ దాన్ని బాగుచేయలేదు. ఆ మాట వదినగారికి చెప్పి క్షమించమన్నాను. "పాట మధ్యలో ఆయన కూడా దగ్గేవారు లేవయ్యా" అన్నారామె. ఇంకోసారి వేయమని అడగలేదు. రికార్డును కవరులో పెట్టించుకుని ఇంటికి వెళ్ళారు.

సభ్యులకు నా మనవి. మీ అటకల మీద ఇలాంటి రికార్డులుంటే పారవేయకండి. ఒకదానిపై ఒకటి పరచి పెట్టకండి, నిలువుగా ఉంచండి, ఎండ తగలనివ్వకండి. ఎవరి యంత్రంపైనైనా వేసే ముందు ముల్లు ఎప్పుడు మార్చారో, బరువెంతో అడగండి. అడగడానికి మొహమాటపడి నేను నష్టపోయాను. మిత్రుల జూక్‌బాక్స్ ఇప్పుడు బాగా పాడుతోంది. కావలసినవారు దూలపల్లి వస్తే వినిపిస్తాం. నాలుగణాల బిళ్ళ మాత్రం మీరే తెచ్చుకోవాలి. పెట్టె ఇంకా దానికే తెరుచుకుంటుంది.