గట్టు దాటే తోట: తపతీ తీరం నుండి స్వయంపోషక జీవనంపై ఒక పరిశీలన

సూరత్ నగరానికి ఉత్తరాన, తపతీ నదికి ఆవలి ఒడ్డున ఉన్న అమ్రోలి ఈనాడు పేరుకు మాత్రమే పల్లె. మరమగ్గాల షెడ్లు, అంతస్తుల ఇళ్లు, గంజాం ప్రాంతం నుండి వచ్చిన కార్మికులు నివసించే గదుల వరుసలు ఆ ఊరి ప్రస్తుత రూపం. వంతెన దాటి ఈవలి ఒడ్డుకు వస్తే కతార్‌గామ్. వజ్రాల సానపెట్టే పరిశ్రమకు పేరొందక పూర్వం ఆ ఊరికి మరొక ఖ్యాతి ఉండేది. శీతకాలంలో సూరత్ ఇళ్లలో వండే ‘ఉంధియు’ అనే కూరకు కతార్‌గామ్ చిక్కుడే కావాలని గృహిణులు పట్టుబట్టేవారు. అదే ఋతువులో తపతీ తీరాన లేత జొన్న కంకులను నిప్పులపై కాల్చి, గింజలు రాల్చి ‘పోంక్’ అనే పేరుతో అమ్మడం నేటికీ ఉన్నది. తెలంగాణ పల్లెల్లో ఊచబియ్యం తిని పెరిగినవారికి ఈ రుచిని ప్రత్యేకంగా పరిచయం చేయనక్కరలేదు.

నది ఏటేటా తెచ్చిపోసిన ఒండ్రు నేలలో, ఇంటికి కావలసిన కూర, గింజ, పండు పండించుకొని, మిగిలినది నగరానికి అమ్ముకొనే తోటల జీవనం ఈ తీరాలది. 1950వ దశకంలో కాక్రాపార్ ఆనకట్ట, 1972లో ఉకాయి జలాశయం వచ్చిన తరువాత జిల్లాలో చెరకు, వరి విస్తరించాయి. తరువాత నగరమే విస్తరించింది. 2006లో సూరత్ నగరపాలక సంస్థ పరిధి ఒక్కసారిగా 112 చదరపు కిలోమీటర్ల నుండి 326 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. అదే ఏడాది ఆగస్టులో ఉకాయి నుండి విడుదలైన వరదలో నగరంలో అధిక భాగం మునిగిపోవడం యాదృచ్ఛికమే కావచ్చు. అయితే, నదికి చోటు విడిచిన తోటలు ఒకటొకటిగా ఇళ్ల స్థలాలుగా మారిన ప్రాంతంలో వరద ఎటు పోవాలన్న ప్రశ్న మాత్రం యాదృచ్ఛికం కాదు.

తన తిండి తానే పండించుకొని, పండ్లచెట్ల నీడలో తేనెపెట్టెలు పెట్టుకొని, ఇంటికప్పుపై సూర్యరశ్మితో దీపం వెలిగించుకొనే జీవనం నగరవాసులను ఎంతగానో ఆకర్షిస్తున్నది. ఎవరిపైనా ఆధారపడని బ్రతుకు అన్నది అందులోని ప్రధానాకర్షణ. కాని ఈ ప్రయత్నాల చరిత్రను సూరత్ పరిసరాల నుండి తెలుగు నేల వరకు పరిశీలించినట్లయితే భిన్నమైన విషయం బోధపడుతుంది. తోట నిలిచిన ప్రతిచోటా దానిని నిలిపినవాటిలో కొన్ని ఆ తోట గట్టుకు వెలుపలే ఉన్నాయి.

సూరత్ జిల్లాలో ఈ భావనకు పునాది జాతీయోద్యమ కాలం నాటిది. 1922లో బార్డోలిలో స్వరాజ్ ఆశ్రమం వెలసింది. 1928లో భూమిశిస్తు పెంపును ఎదిరించి సర్దార్ పటేల్ నాయకత్వంలో రైతులు సాగించిన సత్యాగ్రహం సుప్రసిద్ధం. అంతగా ప్రసిద్ధి పొందనిది, ఆ పోరాటాల మధ్య విరామాలలో జరిగిన నిర్మాణ కార్యక్రమం. వేడ్‌ఛీ గ్రామంలో జుగత్‌రామ్ దవే గిరిజనుల మధ్య దశాబ్దాల తరబడి నడిపిన విద్యాకృషిలో నూలు, సేద్యం, చదువు వేరువేరు పాఠాలు కావు. 1934లో వార్ధాలో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం జె.సి. కుమారప్ప కార్యదర్శిత్వంలో చేపట్టిన పరిశ్రమలలో గానుగ నూనె, దంపుడు బియ్యం, చేతి కాగితంతో పాటు తేనెటీగల పెంపకం కూడా ఉన్నది. తెలుగువారికి ఇది కొత్త కాదు. 1921లో గాంధీజీ చేతుల మీదుగా నెల్లూరు సమీపాన పల్లెపాడులో ప్రారంభమైన పినాకినీ సత్యాగ్రహాశ్రమం ఈ ఆలోచనకే చెందినది.

సూరత్‌కు తెలుగువారితో ఉన్న అనుబంధం మాత్రం ఈ ఆదర్శానికి ఎదురుదిశలో సాగింది. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల పద్మశాలీలు చేతిమగ్గానికి గిరాకీ తగ్గిపోవడంతో ఊళ్లు విడిచి వచ్చి ఇక్కడి మరమగ్గాలపై పనికి కుదిరారు. లింబాయత్ వంటి పేటలలో వారి సంఖ్య పెరగడంతో నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నెలకొల్పింది. పల్లె తనను తాను పోషించుకొనలేకపోయినందువల్లనే నగరానికి వచ్చినవారి సంతతికి, స్వయంపోషక జీవనం అన్న మాట కేవలం తీరికవేళ ముచ్చటగా వినిపించదు.

సూరత్‌కు దక్షిణాన, మహారాష్ట్ర సరిహద్దుకు సమీపంలో, ఉమర్‌గామ్ తాలూకాలోని దేహరి గ్రామంలో ‘కల్పవృక్ష’ అనే తోట ఉన్నది. దాని నిర్మాత భాస్కర్ సావే. 1922 జనవరి 27న తోటమాలుల కుటుంబంలో జన్మించి, కొంతకాలం బడిపంతులుగా పనిచేసి, అనంతరం సేద్యంలో ప్రవేశించారు. 1950వ దశకంలో ఆయన రసాయనిక ఎరువులను ఉత్సాహంగా వాడిన ఆదర్శరైతు. ఏడాదికేడాది ఎరువుల మోతాదు, ఖర్చు పెరుగుతూ ఆదాయం నిలిచిపోవడం ఆయనను ఆలోచింపజేసింది. గాంధీ, వినోబాల రచనల ప్రభావం అందుకు తోడైంది. 1960 ప్రాంతంలో రసాయనాలను క్రమంగా విడిచిపెట్టి సహజ సేద్యానికి మళ్లారు.

ఆ తోట విస్తీర్ణం సుమారు 14 ఎకరాలు. అందులో పది ఎకరాలు కొబ్బరి, సపోటా ప్రధానంగా గల మిశ్రమ ఫలవనం. కొంత భాగంలో వరి, పప్పుధాన్యాలు, కూరగాయలు పంటమార్పిడి పద్ధతిలో పండేవి. మిగిలినది కొబ్బరి నారుమడి. సావే చెట్లను ఆయుర్దాయాన్ని బట్టి అల్పజీవి, మధ్యజీవి, దీర్ఘజీవి అని వర్గీకరించారు. కొత్త తోట వేసేటప్పుడు మూడు తరగతులనూ ఒకేసారి నాటాలన్నది ఆయన బోధ. కొన్ని నెలలకే కోతకు వచ్చే కూరలు, పప్పుజాతి మొక్కలు మొదట నేలను కప్పుతాయి. అరటి, బొప్పాయి, మునగ, సీతాఫలం వంటివి ఆ తరువాత ఇంటికి తిండిని, నేలకు నీడను ఇస్తాయి. కొబ్బరి, సపోటా, మామిడి ఎదిగి కాపుకు వచ్చేనాటికి చిన్నచెట్లు తమ పని ముగించి ఆకు, దుంగ రూపంలో మట్టిలో కలుస్తాయి. రైతు కుటుంబం ఏడెనిమిదేళ్లు పస్తులతో ఎదురుచూడవలసిన అవసరం లేకుండా ఈ క్రమం కాపాడుతుంది. తోట పెట్టాలని ఆశపడి, మొదటి మూడేళ్లు గడవక విరమించుకొనేవారు ఎందరో ఉన్నందున, ఆయన పద్ధతిలో అన్నిటికంటె విలువైన అంశం ఇదేనని చెప్పవచ్చు.

నీటి విషయంలోనూ ఆయనది విలక్షణమైన మార్గం. చెట్టు మొదట్లో నీరు పోయడాన్ని ఆయన అంగీకరించలేదు. ఎత్తైన మడులపై చెట్లు, మడుల నడుమ కాలువలు ఉంటాయి. కాలువలోకి మాత్రమే నీరు వదలాలి. వేరు తేమను వెదుకుతూ తనంత తానుగా విస్తరిస్తుంది. రాలిన ఆకులను ఊడ్చివేయక నేలపైనే ఉంచితే వానపాములు, చీమలు, సూక్ష్మజీవులు దున్నకం బాధ్యతను తీసుకొంటాయి. దుక్కి, ఎరువు, కలుపుతీత, నీరు, సస్యరక్షణ అనే ఐదింటిలోనూ మనిషి జోక్యం ఎంత తగ్గితే అంత మేలని ఆయన సిద్ధాంతం. ‘గడ్డిపరకతో విప్లవం’ అనే అనువాదం ద్వారా తెలుగు పాఠకులకు సుపరిచితుడైన జపాను సహజ వ్యవసాయవేత్త మసనోబు ఫుకువోకా ఈ తోటను సందర్శించి ఎంతగానో ప్రశంసించారు. 2006లో జాతీయ రైతు కమిషన్ అధ్యక్షులు ఎం.ఎస్. స్వామినాథన్‌కు సావే వ్రాసిన బహిరంగ లేఖ హరిత విప్లవ విధానాలను నిశితంగా విమర్శించింది. 2010లో అంతర్జాతీయ సేంద్రియ వ్యవసాయోద్యమాల సమాఖ్య ఆయనకు జీవనసాఫల్య పురస్కారం ప్రదానం చేసింది. 2015 అక్టోబరు 24న ఆయన పరమపదించారు.

కల్పవృక్ష తోట కీర్తిని ఏమాత్రం తగ్గించకుండానే ఒక విషయం గుర్తించాలి. కొబ్బరి మొక్కలను కొని తీసుకువెళ్లే ఇతర రైతులు ఆ తోట ఆదాయానికి ముఖ్యమైన ఆధారం. అంటే అది సంతతో సంబంధం తెంచుకొన్న తోట కాదు. సంతలో కొనవలసినది తగ్గించుకొని, అమ్మవలసినది తానే ఎంచుకొన్న తోట. తీరప్రాంత భూగర్భ జలం మాట మరీ స్పష్టం. చుట్టుపక్కల బావులు అతిగా తోడితే ఉప్పునీరు చొచ్చుకువస్తుంది. ఒక్క రైతు పొదుపు దానిని ఆపజాలదు.

తేనెటీగల విషయంలో ఇది మరింత సూటిగా తెలుస్తుంది. పుట్టలలో, చెట్టు తొర్రలలో చీకటి చోటు చూసుకొని సమాంతరంగా పట్లు కట్టే మన దేశవాళీ తేనెటీగ మాత్రమే అనాదిగా పెరటి పెంపకానికి లొంగింది. కొండచరియలపై ఒంటిపట్టు కట్టే పెద్ద ఈగ పెట్టెలో నిలువదు. నల్లమల చెంచులు తాళ్లపై దిగి తీసే తేనె దానిదే. 1910ల్లో తిరుచిరాపల్లి ప్రాంతంలో ఫాదర్ న్యూటన్ దేశవాళీ ఈగ పరిమాణానికి తగిన చిన్న పెట్టెను రూపొందించి పలువురికి పెంపకం నేర్పిన తరువాత, పట్టును పిండి నాశనం చేయకుండా, చట్రాలను బయటికి తీసి తేనె తీసుకొనే పద్ధతి దక్షిణాదిలో వ్యాపించింది.

పెట్టె యజమానిదే. ఈగ మేత మాత్రం కిలోమీటరుకు పైగా పరచుకొన్న ఇతరుల పొలాలలో ఉన్నది. కొబ్బరి ఏడాది పొడవునా పూస్తుంది కనుక కోనసీమలో, వల్సాడ్ తీరంలో ఈగకు పుప్పొడి కరవు తక్కువ. మెట్ట ప్రాంతంలో చింత, కానుగ, వేప పూతలు ముగిసి వానలు మొదలైతే ఈగ పస్తుంటుంది. అప్పుడు చక్కెర పాకం పెట్టక తప్పదు. సూరత్ జిల్లాలోనైతే ఆ చక్కెర చెరకు రైతుల సహకార కర్మాగారం నుండి రావలసినదే! పక్క పొలంలో పగటిపూట పురుగుమందు చల్లితే సాయంత్రానికి పెట్టె ముందు చచ్చిన ఈగలు కుప్పపడతాయి. ఈగలు గూటికి చేరిన తరువాత, పొద్దుగూకే వేళ మందు చల్లమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ సలహాను పాటించవలసినది తేనెటీగల యజమాని కాదు, అతని పొరుగువాడు. 1991-92లో ‘థాయ్ శాక్‌బ్రూడ్’ అనే వైరస్ దక్షిణ భారతంలో దేశవాళీ ఈగల పెట్టెలను ఊళ్లకు ఊళ్లుగా ఖాళీ చేసినప్పుడు, ఎంతటి శ్రద్ధగల పెంపకందారైనా తన ఒక్క తోటను వేరుపరచి రక్షించుకొనలేకపోయాడు. ఆ తరువాత ఉత్తరాదిలో 1960ల్లో స్థిరపడిన ఐరోపా జాతి ఈగ దక్షిణాదికీ విస్తరించింది. అది తేనె ఎక్కువ ఇస్తుంది. అయితే పూతల వెంట పెట్టెలను లారీలలో ఊరూరా తిప్పడం ఆ వృత్తిలో మామూలైపోయింది.

ఈ చిక్కును ఎదుర్కొనే మార్గం, వలస వెళ్లిన చేనేతకారులు వెనుక విడిచిన తెలంగాణలోనే ఒకచోట రూపుదిద్దుకొన్నది. 1983లో జహీరాబాద్ సమీపాన పస్తాపూర్ కేంద్రంగా ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, దళిత మహిళల సంఘాల ద్వారా బీడుభూములను సాగులోకి తెచ్చింది. జొన్న, కొర్ర, సామ, పప్పుధాన్యాలు కలగలిపిన పంటలకు ఊపిరి పోసింది. భూమిని బాగుచేసుకొనడానికి అప్పు తీసుకొన్న రైతు దానిని ధాన్యంగా తిరిగి చెల్లించాలి. ఆ ధాన్యం ఊరి గాదెలో నిలువై, కరవు నెలల్లో పేదలకు తక్కువ ధరకు చేరుతుంది. ఎవరు పేదలన్నది ఊరివారే నిర్ణయించేవారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ పురస్కారం ఈ మహిళలకు లభించింది. ఆస్ట్రేలియాకు చెందిన బిల్ మోలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ 1978లో ప్రతిపాదించిన ‘పర్మాకల్చర్’ అనే శాశ్వత సేద్యవిధానం తెలుగునాట మొదట వేళ్లూనినదీ ఈ జహీరాబాద్ ప్రాంతంలోనే. ఇక్కడి నర్సన్న కొప్పుల, పద్మ దంపతులు నెలకొల్పిన ‘అరణ్య’ సంస్థ బిడకన్నె గ్రామంలో పెంచిన తోట అందుకు నిదర్శనం. 2017లో హైదరాబాదులో అంతర్జాతీయ పర్మాకల్చర్ సమావేశం జరిగింది. అనంతపురం సీమలో 1990లో 32 ఎకరాల బీడుపై మొదలైన టింబక్టు సమష్టి కూడా ఇదే దారిలో నడిచింది. తోటతో మొదలై, చుట్టూ ఉన్న గుట్టలపై అడవిని తిరిగి మొలిపించడానికి ఊళ్లను కూడగట్టవలసి వచ్చింది. గుట్ట బోడిగా ఉంటే కింది బావిలో నీరుండదు.

ఇక సౌరవిద్యుత్తు సంగతి. అమ్రోలికి పొరుగున ఉన్న ఉత్రాణ్ విద్యుత్కేంద్రపు 85 మీటర్ల శీతలీకరణ గోపురాన్ని 2023 మార్చిలో పేల్చి కూల్చినప్పుడు నగరవాసులు గుంపులుగా చూశారు. ఆ దృశ్యాన్ని ఒక యుగాంతంగా వర్ణించడం తేలిక. సూర్యరశ్మికి వెల లేదు కనుక సౌరపంపు ఉన్న రైతుకు స్వేచ్ఛ లభించినట్లేనన్నది కూడా అంత తేలిగ్గా చెప్పే మాటే. వెలలేని విద్యుత్తు పగలంతా అందుబాటులో ఉంటే బావిని అడుగంటా తోడకుండా ఆపేది ఏమిటి? ఉచిత విద్యుత్తు కాలంలో బోరుబావులు ఎంత లోతుకు దిగాయో తెలంగాణ, రాయలసీమ రైతులకు తెలియనిది కాదు.

గుజరాత్‌లోని ఖేడా జిల్లా ఢుండి గ్రామంలో 2016లో ఆరుగురు రైతులు ఈ ప్రశ్నకు ఒక సమాధానం చెప్పారు. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ తోడ్పాటుతో వారు సౌరవిద్యుత్ ఉత్పత్తిదారుల సహకార మండలిగా ఏర్పడి, పంపులు నడపగా మిగిలిన విద్యుత్తును యూనిట్‌కు 4 రూపాయల 63 పైసల చొప్పున కొనేటట్లు పంపిణీ సంస్థతో 25 ఏళ్ల ఒప్పందం కుదుర్చుకొన్నారు. నీటిని అవసరానికి మించి తోడితే ఆ మేరకు విద్యుత్తు ఆదాయం తగ్గుతుంది. కనుక నేలలోని నీరు నేలలోనే ఉండటం రైతుకు లాభసాటి అయింది. అయినా పొరుగు రైతులకు నీరమ్మితే వచ్చే రాబడి కొన్ని వేళల అంతకంటె ఎక్కువగా ఉండేది. ఆ లెక్క ఋతువునుబట్టి, ధరనుబట్టి మారుతూనే వచ్చింది. ఎవరి పొలంలో పలకలు వారివే. విద్యుత్తును తీసుకొనే తీగ దగ్గర పంపిణీ సంస్థ పెట్టిన మీటరు మాత్రం అందరికీ కలిపి ఒక్కటే. దాని లెక్కను సభ్యులు కూర్చొని తమలో తామే పంచుకొనవలసి వచ్చింది.