నాగు గింజల నుంచి 1/70 దాకా: అప్పు భయం, మన భూమి చరిత్ర

ఆదివాసీల భూమి ఎలా పోయిందని అడిగితే, మోసం చేసి లాక్కున్నారని చెబుతాం. అది నిజమే. అయితే ఆ మోసం అంత సులువుగా ఎందుకు సాగిందో కూడా మన యువతరం తెలుసుకోవాలి. దాని వెనుక భయం ఉంది. వానాకాలంలో గింజలు అయిపోతాయన్న భయం, శిస్తు కట్టలేమన్న భయం, కచేరీకి పోవాలంటే భయం, జంగ్లాత్ వాళ్ల జుర్మానా భయం.

ఉమ్మడి ఆదిలాబాద్‌లో గోండుల వ్యవసాయానికి ఒకప్పుడు కాగితం అవసరం లేదు. ఒక చేను కొన్నేళ్లు దున్ని, దాన్ని బీడుగా వదిలి, ఇంకో చేను దున్నేవారు. నిజాం కాలంలో సర్వేలు, పట్టాలు వచ్చాయి. రిజర్వు అడవి హద్దులు గీశారు. బీడుగా వదిలిన చేలు చాలాచోట్ల మనవి కాకుండా పోయాయి. 1920ల చివరికి కాజీపేట–బల్లార్షా రైలు మార్గం పూర్తయింది. రోడ్లు పడ్డాయి. పత్తి వ్యాపారులు, బయటి రైతులు వచ్చారు. నల్లరేగడికి విలువ పెరిగింది.

ఈ మార్పుల మధ్య మనవాళ్ల దగ్గర లేనిది నగదు. ఇంట్లో జొన్నలు వానాకాలానికి అడుగంటేవి. విత్తనాలూ అప్పుడే కావాలి. సాహుకారు నాగు ఇచ్చేవాడు. పంట రాగానే తీసుకున్న గింజలకు సగం, ఒక్కోసారి అంతకు మించి కలిపి కొలవాలి. కొలిచేది అతనే, లెక్క రాసేదీ అతనే. కల్లంలో అప్పు తీర్చగా మిగిలింది తక్కువ కాబట్టి, వచ్చే వానాకాలానికి మళ్లీ నాగు తప్పేది కాదు.

దీన్ని అమాయకత్వం అనడం తప్పు. పిల్లలు ఆకలితో ఉన్నప్పుడు ఆరు నెలల తర్వాతి లెక్క ఎవరికి గుర్తుంటుంది? ఆ రోజుకు ఆ నిర్ణయం సరైనదే. అదే నిర్ణయం పదేళ్లు వరుసగా తీసుకోవాల్సి రావడంతో ఎడ్లు పోయాయి, తర్వాత చేను పోయింది. పట్టా విషయంలోనూ అంతే జరిగింది. శిస్తుకు, లంచాలకు భయపడి వెనక్కి తగ్గినచోట చదువొచ్చినవాడు తన పేరున రాయించుకున్నాడు. సొంత చేనులోనే మనవాళ్లు కౌలుదార్లు, జీతగాళ్లు అయ్యారు.

కొమురం భీమ్ వెంట నడిచినవాళ్లకూ ఈ భయాలన్నీ తెలుసు. వాటిని దాటి బాబేఝరి, జోడేఘాట్ ప్రాంతంలో భూమి కోసం నిలబడ్డారు. 1940లో భీమ్ అమరుడయ్యాడు. ఆ తర్వాతే నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను మన గూడేలకు పంపింది. ఆయన చొరవతో 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. ఆ దశకంలోనే లక్ష ఎకరాలకు పైగా భూమికి ఆదివాసీల పేరున పట్టాలు ఇచ్చారు.

ఆ రోజుల్లోనే వచ్చిన ధాన్యం బ్యాంకుల గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. వానాకాలంలో గింజలు తీసుకుని, పంట వచ్చాక కొద్దిగా కలిపి తిరిగి పోయాలి. ఆ కలిపినది సాహుకారు ఇంటికి పోదు, ఊరి నిల్వలోనే ఉంటుంది. పట్టా ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం. ఆకలి భయం తీరితేనే మనిషి పదేళ్ల తర్వాతి సంగతి ఆలోచించగలడు.

చట్టాలూ వచ్చాయి. మద్రాసు ఏజెన్సీలో 1917 చట్టం వడ్డీని ఏడాదికి 24 శాతానికి మించనివ్వలేదు. మొత్తం వడ్డీ అసలును దాటకూడదంది. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 1959 భూ బదలాయింపు నిబంధన 1963లో తెలంగాణ ఏజెన్సీకి వర్తించింది. 1970లో దాన్ని సవరించి 1/70 తెచ్చారు. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి అమ్మడమే కాదు, తాకట్టు పెట్టినా, కౌలుకిచ్చినా చెల్లదు. అయినా బినామీ పేర్లతో, తెల్లకాగితాల మీద భూములు చేతులు మారాయి. చట్టం అమ్మకాన్ని ఆపుతుంది గానీ, ఇంట్లో గింజలు నింపదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నాగు పేరు మారింది గానీ పద్ధతి మారలేదు. విత్తనాలు, పురుగుమందులు ఉద్దెర ఇచ్చిన షావుకారే పత్తి కొంటాడు, ధరా అతనే చెబుతాడు. ఫోన్‌లో నిమిషంలో అప్పు దొరుకుతుంది. ఆసుపత్రి ఖర్చు రాగానే చేను కాగితం బయటికి వస్తుంది.

మీకు చదువుంది. అమ్మానాన్నలు వేలిముద్ర వేసేముందు కాగితం చదివి వినిపించండి. నెల వడ్డీని ఏడాదికి లెక్కగట్టి చెప్పండి. పహాణీలో ఎవరి పేరుందో చూడండి. సంఘం పొదుపును, ఊరి గింజల నిల్వను వానాకాలానికి ముందే సిద్ధం చేయండి. కష్టం వచ్చిన ఇంటిని ఒంటరిగా సాహుకారు దగ్గరికి పోనివ్వకుండా పటేల్ ముందు, రాయి సెంటర్ ముందు మాట పెట్టండి. అప్పు భయాన్ని ఊరంతా పంచుకున్నప్పుడే భూమి మన పిల్లలకు మిగులుతుంది.

జై ఆదివాసీ!