చవక విమానయాన సంస్థల ఫోను సేవలు

చవక విమానయాన సంస్థల ఫోను సేవలు అనగా తక్కువ టిక్కెట్టు ధరతో విమానాలు నడిపే సంస్థలు ప్రయాణికుల సందేహాలు, టిక్కెట్టు మార్పులు, ఫిర్యాదుల కొరకు ఏర్పాటు చేసిన టెలిఫోను సేవలు. 2000 దశకంలో ఐరోపాలోని పలు సంస్థలు ఇందుకోసం మామూలు కాల్ కంటే ఎక్కువ రుసుము పడే ఫోను నంబర్లను వాడాయి. సంస్థతో మాట్లాడడానికి అయ్యే ఖర్చు కొన్ని సందర్భాలలో టిక్కెట్టు ధరతో పోల్చదగినంతగా ఉండడం వలన ఈ పద్ధతి వివాదాస్పదమైనది.

నేపథ్యం

ఈజీజెట్ 1995లో బ్రిటనులో ప్రారంభమైనపుడు టిక్కెట్లను ఫోను ద్వారానే అమ్మేది. బుకింగ్ నంబరును విమానాల పక్కభాగాన పెద్ద అక్షరాలతో రాయించింది కూడా. 1998లో ఇంటర్నెట్ అమ్మకాలు మొదలైన తరువాత పరిస్థితి తారుమారైంది. ప్రయాణికుడు తానే టిక్కెట్టు కొని, తానే చెక్-ఇన్ చేసుకుంటే సంస్థకు ఖర్చు ఉండదు. ఫోనులో సమాధానం చెప్పే ఉద్యోగికి మాత్రం జీతం ఇవ్వాలి. పెట్టెకు, సీటు ఎంపికకు, భోజనానికి విడివిడిగా రుసుము తీసుకునే ఈ వ్యాపార పద్ధతిలో ఫోను సంభాషణ కూడా అటువంటి అదనపు సేవ అయింది.

రుసుము పంపకం

బ్రిటనులో ర్యాన్‌ఎయిర్, ఈజీజెట్ వంటి సంస్థలు 0871తో మొదలయ్యే నంబర్లను వాడాయి. వీటికి ల్యాండ్‌లైను నుండి నిమిషానికి సుమారు 10 పెన్నీలు అయ్యేది, సెల్‌ఫోను నుండి అంతకంటే చాలా ఎక్కువ. 09తో మొదలయ్యే నంబర్లు ఇంకా ఖరీదైనవి. వసూలైన సొమ్ములో కొంత ఫోను కంపెనీకి పోగా, మిగిలిన దానిలో నంబరును వాడుకునే సంస్థకు వాటా దక్కే వీలుండేది.

వివాదానికి మూలం ఇక్కడే ఉన్నది. లైనులో సంగీతం వింటూ వేచి ఉన్న సమయానికి కూడా రుసుము పడుతుంది. అరగంట వేచి ఉంటే నిమిషానికి 10 పెన్నీల చొప్పున 3 పౌండ్లు అవుతాయి. అంటే జవాబు ఆలస్యమైన కొద్దీ రాబడి పెరుగుతుంది. త్వరగా జవాబు చెప్పడానికి కావలసిన ఆర్థిక ప్రోత్సాహం సంస్థకు లేకుండా పోతుంది. విమానం రద్దయి పరాయి దేశపు విమానాశ్రయంలో చిక్కుకుని, సెల్‌ఫోను తప్ప వేరే ఆధారం లేనివారిపైనే ఈ భారం అధికంగా పడేది.

చట్టాలు

ఐరోపా సమాఖ్య 2011లో చేసిన వినియోగదారుల హక్కుల ఆదేశం 2014 జూన్ 13 నుండి అమలులోకి వచ్చింది. ఇదివరకే కుదిరిన ఒప్పందం గురించి ఫోను చేసే వినియోగదారుని నుండి మామూలు రేటు కంటే ఎక్కువ వసూలు చేయరాదని దీని 21వ అధికరణం చెబుతుంది. మామూలు రేటు అంటే సాధారణ ల్యాండ్‌లైనుకో సెల్‌ఫోనుకో చేసే కాల్ ఖర్చును మించనిది అని ఐరోపా న్యాయస్థానం 2017 మార్చిలో, ఒక జర్మన్ కంపెనీ వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. విచిత్రమేమిటంటే ప్రయాణికుల రవాణాకు ఈ అధికరణం మొదట వర్తించలేదు. 2019లో చేసిన సవరణ ద్వారా దానిని కూడా చేర్చారు; అది 2022 మే 28 నుండి అమలైనది.

బ్రిటనులో 2015 జూలై 1 నుండి ఇటువంటి కాల్ ధరను ఫోను కంపెనీ రుసుము, సేవా రుసుము అని రెండుగా విడదీసి చూపడం తప్పనిసరి అయింది.

ఫోను లేని సేవ

రుసుముపై ఆంక్షలు వచ్చినా ఫోను సేవను పూర్తిగా మానుకునే మార్గం మిగిలే ఉన్నది. అమెరికాకు చెందిన ఫ్రాంటియర్ ఎయిర్‌లైన్స్ 2022 నవంబరులో ఫోను సేవను నిలిపివేసి, ప్రయాణికులను చాట్ వంటి మార్గాలకు మళ్ళించింది. 2024లో అమెరికా చేసిన విమానయాన చట్టం, ఫోను ద్వారా గాని, చాట్ లేదా సందేశాల ద్వారా గాని మనిషితో మాట్లాడే సౌకర్యాన్ని రోజంతా ఉచితంగా కల్పించాలని విమాన సంస్థలను ఆదేశించింది.

భారతదేశంలో

భారతదేశంలో 1800తో మొదలయ్యే నంబర్లకు కాల్ ఉచితం. 1860తో మొదలయ్యేవి ఉచితం కావు. చూడడానికి ఒకేలా ఉండడం వలన ఈ రెంటినీ పొరబడేవారు ఉన్నారు. కేంద్ర పౌర విమానయాన శాఖ 2016లో ప్రారంభించిన ఎయిర్‌సేవ ద్వారా ఫోను అవసరం లేకుండానే ఫిర్యాదు చేయవచ్చును.

ఇక్కడ రుసుము కంటే పెద్ద నష్టం నకిలీ నంబర్ల వలన కలుగుతున్నది. మోసగాళ్ళు కస్టమర్ కేర్ పేరుతో తమ నంబర్లను ఇంటర్నెట్టులో ఉంచి, టిక్కెట్టు సొమ్ము తిరిగి ఇప్పిస్తామని నమ్మించి బ్యాంకు వివరాలు రాబడతారు. ఇటువంటి ఆర్థిక మోసాలపై ఫిర్యాదుకు 1930 నంబరు ఉన్నది.