భూతకథలును పాఠకలోకమును

గ్రంథము వ్రాసినవాని చరిత్రము మనకు దొరకును. అచ్చువేసినవాని లెక్కలును కొంతవఱకు దొరకును. కాని ఆ గ్రంథమును చదివినవాని మనస్సున నేమి జరిగెనో విచారించు చరిత్రకారులు అరుదు. పెద్దలు మెచ్చని గ్రంథముల విషయమున నీ కొఱత మఱింత హెచ్చు. వానిని చదివినవారిని మూఢులని యొక్క మాటతో త్రోసివేయుట మనకు వాడుకయైనది. భూతప్రేత కథలను పాఠకులెట్లు గ్రహించిరి, విమర్శకులు వారినేమనిరి, అందు న్యాయమెంత యను ప్రశ్నలను ఈ వ్యాసమున విచారింప నుద్దేశించితిని.

ముందుగా పశ్చిమఖండపు కథ చూతము. చచ్చినవాడు గోరీనుండి లేచివచ్చి బ్రతికినవారి నెత్తురు ద్రావునను విశ్వాసము తూర్పు యూరపు గ్రామములలో చిరకాలము వ్యాపించియుండెను. ఆస్ట్రియా యేలుబడిలోనుండిన సెర్బియా పల్లెలలో 1725లోను, 1732లోను ఇట్టి సంఘటనలపై అధికారులు విచారణ జరిపి నివేదికలు వ్రాసిరి. జనులు గోరీలు త్రవ్వి, శవముల గుండెలలో మేకులు దిగగొట్టి, వానిని దహించిరి. 1755లో మరియా థెరీసా రాణి తన వైద్యుడగు వాన్ స్వీటెన్ చేత ఈ సంగతిని పరీక్షింపజేసెను. కొన్ని శవములు త్వరగా కుళ్లకుండుట ప్రకృతిసిద్ధమే యనియు, తక్కినదంతయు భయాజ్ఞానముల ఫలమనియు అతడు తేల్చెను. రాణి గోరీలు త్రవ్వుటను నిషేధించెను. ఒక్క యాజ్ఞతో విశ్వాసము నశించెనని చెప్పరాదు. కాని పట్టణములలోని చదువరులకు మాత్రము ఆ ప్రేతము క్రమముగా భయహేతువు గాక కథావస్తువైనది. 1819లో పోలిడోరీ కథయు, 1897లో స్టోకరు వ్రాసిన డ్రాకులా నవలయు వెలువడినవి. 2005లో అమెరికా రచయిత్రి స్టెఫనీ మేయర్ ‘ట్వైలైట్’ అను నవల వ్రాయునాటికి నెత్తురు ద్రావు ప్రేతము సుందరుడైన ప్రియుడుగా మాఱిపోయెను.

2008 వఱకు నాలుగు సంపుటములుగా వచ్చిన యా నవలామాలకు లోకమంతట బాలికలు పాఠకురాండ్రైరి. మన నగరమున ఇంగ్లీషు చదువు చదువు పిల్లలును దాని నెఱుగుదురు. నాయిక రక్తపాయియగు ఎడ్వర్డును వరింపవలెనా, తోడేలు రూపము దాల్చు జేకబును వరింపవలెనా యని చదువరులు రెండు పక్షములై వాదించుకొనిరి. తొలి సంపుటములను ప్రేమించినవారిలోనే పలువురు నాల్గవదానిని నిరసించిరి. ప్రియురాలు నిద్రించుచుండగా గదిలో నిలిచి చూచుటయు, ఆమె రాకపోకలను శాసించుటయు ప్రేమయా, పెత్తనమా యని మఱికొందఱు ప్రశ్నించిరి. ఈ వాదములలో నొక విశేషము కలదు. శవము లేచునా యని యెవ్వరు నడుగలేదు. వారి చర్చయంతయు వివాహమును గూర్చి, స్త్రీ స్వాతంత్ర్యమును గూర్చి, యిష్టానిష్టములను గూర్చి జరిగినది. విశ్వాసము చచ్చినచోట భూతకథ మనుష్యధర్మమును విచారించుటకు సాధనమైనదన్నమాట.

ఇట్టి కథ మనకు క్రొత్తగాదు. శవమునందావేశించు బేతాళుని మనమెఱుగుదుము. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరమున సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరమునందు బేతాళుని ఇరువదియైదు కథలున్నవి. బర్టన్ అను ఆంగ్లేయుడు 1870లో ఈ కథలలో కొన్నిటిని తన భాషలో ప్రకటించుచు, బేతాళునికి ఆ రక్తపాయి పేరే పెట్టెను. కాని భేదము పెద్దది. మన బేతాళుడు నెత్తురడుగడు, తీర్పడుగును. ప్రతి కథ చివరను ఒక ధర్మసందేహమును నిలిపి రాజును సమాధానము చెప్పుమనును. తుదకు రాజును బలియీయదలచిన భిక్షువు కపటమును బయటపెట్టి, రాజును కాపాడువాడును ఆ బేతాళుడే. మంత్రసాధకుడు దుష్టుడు, పిశాచము హితుడు! 1947 జూలైలో మద్రాసున వెలువడిన ‘చందమామ’ యీ కథలను ఇంటింటికి తెచ్చెను. పాత కథలు ముగిసిన పిమ్మటను అదే చట్రములో క్రొత్త కథలు దశాబ్దములపాటు సాగెను. చెట్టునకు వ్రేలాడు శవమును ప్రతి నెల చూచిన తెలుగు బాలురు రాజు తీర్పు సరియా కాదా యని యోచించుటయే నేర్చిరి.

ఇక మన నవల పుట్టుకను తలచుకొనుడు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రము 1878లో వారి ‘వివేకవర్ధని’ పత్రికయందు విడివిడి భాగములుగా వెలువడి, 1880లో గ్రంథరూపము దాల్చెను. అందు బంగారము చేయుదునని నమ్మించి మోసగించు కపటయోగి కలడు. దురాచారములను, గ్రుడ్డినమ్మకములను నవ్వులపాలు చేయుట యా రచన యుద్దేశ్యములలో నొకటి. పత్రికలో వరుసగా వచ్చు నవల యను ప్రక్రియ తెలుగున మూఢవిశ్వాసముపై ఆయుధముగా ప్రవేశించినదని చెప్పవచ్చును.

సుమారు నూఱేండ్లకు అదే ప్రక్రియ యెదురుదిక్కునకు తిరిగెను. 1980 ప్రాంతమున ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘తులసిదళం’ వెలువడెను. తులసి యను చిన్నబాలికపై ధనాశచే కాష్మోరా యను క్షుద్రప్రయోగము చేయించుటయు, ఆమెను కాపాడుటకు తండ్రియు తక్కినవారును పడు పాట్లును ఇందలి వస్తువు. బాలిక బ్రతికినది మంత్రము విఱుగుటచేతనా, వైద్యము ఫలించుటచేతనా యను సందేహమును రచయిత తీర్పక విడిచెను. జంటనగరములలోని చదువరులు వారము వారము ఆ సంచికకై వేచియుండిరి. చిక్కడపల్లి, నారాయణగూడ, విద్యానగరము వంటి పేటలలో ఒక్క ప్రతి పలువురి చేతులు మాఱుటయు, అద్దెపుస్తకముల దుకాణములలో నవలలకై కాచుకొనుటయు ఆ కాలపు సామాన్య దృశ్యములు. ‘తులసి’ యను పేర దీనికి ఉత్తరకథయు వచ్చెను. ఇతరులును ఈ బాటపట్టగా విమర్శకులు దీనినంతటిని క్షుద్రసాహిత్యమనిరి. క్షుద్రశబ్దమునకు నీచమనియు, దుష్టమంత్రమునకు సంబంధించినదనియు రెండర్థములుండుటచే నా పేరు చక్కగా నతికినది. రంగనాయకమ్మగారు తులసిదళమును ఖండించుచు గ్రంథమే వ్రాసిరి.

ఈ ఖండనము న్యాయమా? రక్తపాయి కథను, బేతాళకథను చదువనిచ్చి, కాష్మోరా కథను మాత్రము దూషింపనేల? దీనికి నాకు తోచిన కొలత యొకటి కలదు. ఈ కథ చదివి యెవరిపైనైనను అనుమానము కలుగునా? బేతాళుడని మన యిరుగుపొరుగున ఎవ్వరిని పిలువము. కాని చేతబడి చేయువాడు మనుష్యుడు. అతనికి పేరుండును, ఇల్లుండును. ఆ పేరు వీథిచివర నున్న వృద్ధురాలిది కావచ్చును, మందుమాకులిచ్చు నిఱుపేదది కావచ్చును. మెదకు మొదలగు తెలంగాణ సీమలలో బాణామతి, చేతబడి యను ననుమానముతో మనుష్యులను కట్టికొట్టుట, మంత్రము పలుకకుండ పండ్లూడగొట్టుట, చంపుట పలుమాఱు వార్తలకెక్కిన సంగతులే. సెర్బియాలో మేకు దిగినది శవమునకు. ఇచ్చట దెబ్బ తగిలినది ప్రాణమున్న మేనికి. విశ్వాసమింకను హత్యలు చేయుచుండగా దానికి సందేహలాభమిచ్చు కథ కేవల వినోదముగా నిలువజాలదు.

అయినను ఇచ్చట నొక న్యాయము మఱువరాదు. ఆ హత్యలు నవలలు చదివి చేసినవని చెప్పుట కాధారము లేదు. వైద్యుడు లేని యూరిలో బిడ్డ మరణించుట, భూమితగవులు, పాతపగలు, నిరక్షరత – ఇవి వానికి కారణములు. వారపత్రిక చదివిన గృహిణి యెవ్వరిని కట్టికొట్టలేదు. రాత్రి దీపమార్పుటకు జంకినదేమో, అంతే. నవల చేసిన కీడు వేఱు. పల్లెవాని భ్రమయని మనము చిన్నచూపు చూచినదానికి అది పట్టణపు చదువరి యింట మర్యాదగల యాసనము వేసినది. వైద్యునిని మంత్రగానిని ఒకే పీటపై కూర్చుండబెట్టినది. విమర్శింపవలసినది దీనిని, పాఠకురాలిని కాదు.

మన విమర్శకులు తఱచుగా పాఠకురాలినే విమర్శించిరి. వేయి నవలలు వ్రాసిన కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారి పుస్తకములను ఆడువారు చదివి చెడిపోవుదురని పూర్వము గోలపెట్టిరి. చెడిపోయినదేమో కాని, ఆ చౌక పుస్తకములే యెందఱికో చదువునభ్యాసమును నిలిపినవి. అక్షరము నేర్పి, ఆ యక్షరముతో నేమి చదువవలెనో కూడ మేమే శాసింతుమనుట సంస్కారము కాదు. ట్వైలైటు నాయకుని పెత్తనమునకును దీనికిని భేదము కొంచెమే.

కావున నిషేధము మార్గము గాదు. నవల కుత్తరము గ్రంథమే. రంగనాయకమ్మగారు చేసిన దదియే. మూఢాచారముల పేర జరుగు హింస కుత్తరము శాసనము. 2013లో మహారాష్ట్ర మట్టి శాసనము చేసినది. భయమున కుత్తరము దగ్గఱలో నొక యాసుపత్రి. ఇంటిలో పెద్దలు చేయగల పనియు నొకటి కలదు. పిల్లలచేతి పుస్తకమును లాగివేయక, దానిని తామును చదివి, బేతాళునివలె నొక ప్రశ్న యడుగవలెను: ఈ కథలో నిందపడినదెవరు, ఆ నిందకు సాక్ష్యమేది? 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దలు పుస్తకములను తాళమువేయుటకు గాక తెఱచుటకే సమకూర్చిరి. నేడు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున పరీక్షలకై చదువు యువజనులు బల్లలన్నియు నిండియున్నారు. ఉద్యోగములు వచ్చి వారు మండలములకును, ఠాణాలకును అధికారులై పోవుదురు. ఏదో యొకనాడు ఒక వృద్ధురాలిపై చేతబడి నింద మోపి జనులు వారి యెదుట నిలుతురు. ఆనాడు సాక్ష్యమడుగు బుద్ధి వారికుండునట్లు నేడు మన యింట చదువు సాగవలెను.