మారకం, వట్టం

రూపాయి పడినా లేచినా పత్రికలు వాడే మాట ఒకటే: మారకం. 2025 డిసెంబరులో డాలరుతో రూపాయి మారకం విలువ 90 దాటిందన్న వార్త తెనాలి పక్కనున్న నందివెలుగులో ఒక్కో ఇంటికి ఒక్కో తీరున చేరి ఉంటుంది. కొడుకు డాలర్లలో జీతం తీసుకుంటున్న ఇంటికి అది కలిసొచ్చిన కబురు. కూతుర్ని రూపాయల అప్పు మీద అమెరికా చదువుకు పంపిన ఇంటికి గుండె జారే కబురు. ఒకే మాట రెండిళ్లలో ఇంత తేడాగా ఎందుకు వినబడుతుందో తెలియాలంటే ముందు దాని పుట్టుక చూడాలి.

మారకానికి మూలం ‘మారు’. పాత తెలుగులో దీన్ని బండి ఱతో ‘మాఱు’ అని రాసేవారు. మనం వదిలేసిన ఆ అక్షరం తమిళంలో ఇప్పటికీ నిలిచే ఉంది. ఈ ధాతువుది రెండు పాయల అర్థం. ఉన్నది ఉన్నట్టు ఉండక వేరైపోవడం ఒకటి. ఒకటిచ్చి ఇంకొకటి పుచ్చుకోవడం రెండోది. రోజులు మారతాయి, రంగు మారుతుంది. నోటు మారుస్తాం, సొమ్ము చేతులు మారుతుంది. చేతులు మారిన సొమ్ము తానూ మారకుండా ఉండదని ఈ ధాతువు మొదటినుంచీ చెబుతూనే ఉంది.

దీని సంతానం పెద్దది. మారుపేరు, మారువేషం: అసలుదాని చోట నిలిచేవి. మారుతల్లి, మారుమనువు: ఒకరి చోటికి ఇంకొకరు రావడం. మారుమాట: అన్నదానికి తిరిగి ఇచ్చేది. మారుబేరం: కొన్న సరుకును మళ్లీ అమ్మడం. ఒకమారు, ముమ్మారు అని లెక్కపెట్టేటప్పుడూ ఇదే మాట. ఒక వంతు పోయి మరో వంతు రావడమే కదా మారంటే.

పొరుగు భాషల్లో ఈ మాట ఇంకా ముందుకు నడిచింది. కన్నడంలో ‘మారు’ అంటే అమ్మడమే. బెంగళూరులో స్థిరపడ్డ మనవాళ్లు ఇళ్ల ముందు ‘మారాటక్కిదె’ అన్న బోర్డు చూసి మొదట్లో తికమకపడతారు. ఇల్లు అమ్మకానికి ఉందని దాని అర్థం. తమిళంలో ‘మాట్రు’ అంటే బంగారం స్వచ్ఛతను కొలిచే మెట్టు. పదిన్నర మాట్రు బంగారమంటే వాళ్లకు మేలిమి బంగారం. మన లెక్కలో అది పదహారు వన్నెది.

ఇలాంటి వింత ఇంకొకటుంది. తమిళంలో ‘విల్’ అంటే అమ్ము. పాత తెలుగులో దాని తోబుట్టువు ‘విలుచు’ అంటే కొను. ఒకే ధాతువు అక్కడ అంగడి లోపల కూర్చుంది, ఇక్కడ అంగడి ముందు నిలబడింది. మన వెల, విలువ ఆ ధాతువు బిడ్డలే. నందివెలుగులోనూ ‘వెల’ ఉంది కదా అని సంబరపడే వీల్లేదు. ఆ వెలుగు తెలుపునూ కాంతినీ చెప్పే ‘వెళ్’ నుంచి వచ్చింది. తమిళం ల, ళ తేడాను కాపాడబట్టి ఈ రెండు కుటుంబాలూ వేరని తేలిగ్గా తెలుస్తుంది. నిఘంటువుల్లో వెలుగుకు కంచె అన్న అర్థం కూడా ఉంది గానీ, ఊరివాళ్లకు నందివెలుగంటే నంది వెలుగే.

మారుబేరం చేస్తాడు గనుక మార్వాడీ అయ్యాడనుకునేవారూ ఉన్నారు. వినడానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ మార్వాడ్‌లో ఉన్నది ఎడారి అనే అర్థంగల సంస్కృత ‘మరు’. అక్కడిది మామూలు ర, మనది బండి ఱ.

మారకానికి దీటుగా మనం అరువు తెచ్చుకున్న మాట ‘బదులు’. అరబ్బీలో బదల్ అంటే ఒకదాని స్థానంలో ఇంకొకటి. అది తెలుగు నేల మీద నాలుగు రకాలుగా చిగురించింది. అడిగినదానికి చెప్పే జవాబు బదులు. పంచదారకు బదులు బెల్లం. ఉద్యోగికి బదిలీ. పొరుగింట తెచ్చుకునే చేబదులు. మారుమాట, బదులు మాట ఒకటే కావడం చూస్తే మన పూర్వులకు మాటామంతీ కూడా ఇచ్చిపుచ్చుకోవడంలాగే తోచిందనిపిస్తుంది.

అరబ్బీ అనగానే షరాబు గుర్తుకు రాక మానడు. నాణేలు మార్చేవాణ్ణి అరబ్బీలో సర్రాఫ్ అంటారు. మన షరాబు అతడే. ఆ మాటకు మూలమైన ‘సర్ఫ్’కు తిప్పడం, మార్చడం అని అర్థం. అరబ్బీ వ్యాకరణంలో పదాల రూపాలు ఎలా మారతాయో చెప్పే భాగం పేరు కూడా సర్ఫే. డబ్బును మార్చే విద్యకూ మాటను మార్చే విద్యకూ ఒకే పేరు! పదచర్చ చేసేవాడికి ఇంతకన్నా ఆనందం ఏం కావాలి?

షరాబు ఊరికే మార్చేవాడు కాదు. వరహాను రాతి మీద వేసి మోత వినేవాడు, గీటురాయి మీద గీసి వన్నె చూసేవాడు, అరిగినదైతే త్రాసులో వేసేవాడు. చివరికి తన కోత తాను తీసుకుని మిగిలింది చేతిలో పెట్టేవాడు. ఆ కోత పేరు వట్టం. హిందుస్తానీలో బట్టా. కుంఫిణీ దొరల లెక్కల్లోనూ బట్టా అని రాసుకున్నారు.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. ఇంగ్లీషు దొరలు రెండు వేర్వేరు మాటల్ని ‘బట్టా’ అనే ఒకే గుడ్డలో మూటకట్టారు. ఒకటి నాణేల మార్పిడిలో పోయే వట్టం. రెండోది సిపాయికి జీతం మీద ఇచ్చే అదనపు పైకం. ఈ రెండోదానికి మూలం అన్నమనే అర్థంగల ‘భక్తం’. అదే మన బత్తెం. ఇవాళ డ్రైవర్లూ సినిమా పనివాళ్లూ రోజువారీ తీసుకునే ‘బేటా’ ఈ అన్నం వైపు బంధువు. చేతికి వచ్చేదీ చేతినుంచి పోయేదీ ఒకే పేరుతో చెలామణీ అయ్యాయన్నమాట. వడ్డీ వేరే ఇంటిది. అది ‘వృద్ధి’ నుంచి వచ్చింది, పెరుగుతుంది. వట్టం తరుగుతుంది.

వట్టం ఈ తీరానికి పాత చుట్టం. రేపల్లె దగ్గరి నిజాంపట్నంలో డచ్చివాళ్లు 1606లో, ఇంగ్లీషువాళ్లు 1611లో బట్టల వర్తకానికి దిగారు. వాళ్ల కాగితాల్లో ఆ ఊరు పెటపోలి. ఆ రోజుల్లో ఐరోపా ఓడలు కోరమాండల్ తీరానికి మోసుకొచ్చిన వెండిలో స్పెయిన్‌వారి ఎనిమిది రియాళ్ల నాణెం ముఖ్యమైనది. ఇక్కడి బట్ట కొనాలంటే ఆ వెండి వరహాలుగా మారాలి. ఇంగ్లీషువాళ్లు ‘స్పానిష్ డాలరు’ అన్నది ఆ రియాళ్ల నాణేన్నే. అంటే విదేశీయుడు తన డాలరును మార్చి కృష్ణా డెల్టా నేత కొనడం నాలుగు వందల ఏళ్ల నాటి సంగతి. ఇప్పుడు తేడా అల్లా ఒక్కటే: ఆ కొనేవాడు మన ఇంటి పిల్లవాడు.

డాలరు కథ కూడా మారకం కథే. బొహీమియాలో యోఆకిమ్స్‌థాల్ అనే లోయలో వెండి గనులుండేవి. 1520 ప్రాంతంలో అక్కడ ముద్రించిన నాణేన్ని యోఆకిమ్స్‌థాలర్ అన్నారు. ముందున్న యోఆకిమ్ రాలిపోయి థాలర్ మిగిలింది, ఊళ్లు తిరిగి డాలరైంది. థాల్ అంటే లోయ, డాలరంటే లోయది. మన దగ్గరకొచ్చి అది గొలుసుకు వేలాడే బిళ్ల అయింది. తిరుమలలో భక్తులు కొనుక్కునే శ్రీవారి డాలర్లు ఆ అర్థంలోనివే. కాసుల్ని పేరుగా గుచ్చి మెడలో వేసుకున్న జాతి డాలరును గొలుసుకు కట్టడంలో ఆశ్చర్యమేముంది?

ఇప్పుడు ఆ పిల్లవాడి బేరం చూద్దాం. అమ్మకు పుట్టినరోజు కానుకగా మంగళగిరి చీర నందివెలుగు ఇంటికే చేరేలా డాలస్‌లో కూర్చుని ఆన్‌లైన్లో కొంటాడు. చీర వెల 9,000 రూపాయలు. డాలరు 75 రూపాయలున్నప్పుడు అతనికి 120 డాలర్లయ్యేది. 90 అయితే సరిగ్గా 100. నేతగాడి మగ్గం మారలేదు, జరీ మారలేదు, వెల మారలేదు. మారింది మారకమొక్కటే, 20 డాలర్లు మిగిలాయి. అప్పు చేసి చదువుతున్న అమ్మాయికి ఇదే లెక్క తిరగబడుతుంది. 1,000 డాలర్ల ఫీజుకు 75,000 రూపాయలు సరిపోయేవి, డాలరు 90 అయితే 90,000 కావాలి.

రూపాయి ఇలా పడిపోవడం కొత్తది కాదు. 1966 జూన్ 6న డాలరు ఒక్కరోజులో 4 రూపాయల 76 పైసల నుంచి 7 రూపాయల 50 పైసలైంది. 1991 జూలైలో, పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా, ప్రభుత్వమే రెండు విడతల్లో విలువ దించింది. పాఠ్యపుస్తకాలు దీనికి పెట్టిన పేరు మూల్యన్యూనీకరణ. 2013 ఆగస్టులో, దువ్వూరి సుబ్బారావు రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉండగా, డాలరు 68 దాటింది. అప్పటికి ప్రభుత్వం దించే రోజులు పోయాయి. విలువను బజారే నిర్ణయిస్తోంది.

మారకం అందరికీ కనబడుతుంది. పేపర్లో, ఫోన్లో, టీవీ కింద పరుగెత్తే అక్షరాల్లో. కనబడనిది వట్టం. చీర కొన్న పిల్లవాడి కార్డు లెక్క తెరిచి చూడండి. మొదటి వరసలో 9,000 రూపాయలు, పక్కన 100 డాలర్లు. దాని కింద, చాలామంది అక్కడిదాకా చూడని వరసలో, విదేశీ లావాదేవీ రుసుం. కొన్ని కార్డులు దీన్ని అసలు తీసుకోవు, చాలా కార్డులు 3 శాతం దాకా తీసుకుంటాయి. డబ్బు కట్టే చోట ‘డాలర్లలోనే చెల్లిస్తారా?’ అని మర్యాదగా అడిగే మీట ఇంకొకటి. దాన్ని నొక్కితే మార్చే పని కార్డువాళ్లది కాకుండా అంగడి తరఫువాళ్లదవుతుంది. వాళ్లు వేసే రేటు సాధారణంగా బజారు రేటుకన్నా ఖరీదుగానే ఉంటుంది. ఆ తేడాకు విడిగా పేరుండదు, రేటులోనే కలిసిపోతుంది.

వాపసు సంగతి ఇంకా సూక్ష్మం. డాలరు 85 ఉన్న రోజున 8,500 రూపాయల చీరకు 100 డాలర్లు పోయాయనుకుందాం. రంగు నచ్చక తిప్పి పంపారు. వాపసు వచ్చేనాటికి డాలరు 90. అంగడివాడు నిజాయితీగా 8,500 రూపాయలూ ఇచ్చేశాడు. కార్డులో పడేది 94 డాలర్ల 44 సెంట్లు. ఎవరూ మోసం చేయలేదు, అయినా అయిదున్నర డాలర్లు పోయాయి. మారకంలోని రెండు అర్థాలూ ఇక్కడ ఒకేసారి పనిచేశాయి: సొమ్ము చేతులు మారింది, చేతులు మారేలోగా తానూ మారింది.

సరుకే సముద్రం దాటాలంటే ఇంకో కోత. అమెరికాకు 800 డాలర్ల లోపు పార్శిళ్లకున్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. దాని అయోమయంలో మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అక్కడికి చాలా రకాల పార్శిళ్లు తీసుకోవడం ఆపి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. గోంగూర పచ్చడి, సున్నుండలు పంపుదామనుకున్న తల్లులకు మారకం కలిసొచ్చినా సుంకం అడ్డుపడింది.

సుంకం సంస్కృత ‘శుల్కం’ నుంచి వచ్చిన మాట. ఆ శుల్కాన్ని రాతి మీద చెక్కించిన చోటు మనకు దగ్గర్లోనే, బాపట్ల జిల్లా మోటుపల్లిలో ఉంది. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ సముద్ర వర్తకులకు అభయ శాసనం వేయించాడు. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారు. గణపతిదేవుడు ఆ దోపిడీ మానిపించి, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని మాటిచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద ఆ సుంకం 30లో ఒక వంతు. ఇవాళ్టి లెక్కలో 3 శాతానికి కాస్త ఎక్కువ. మన కార్డు రుసుంకు దగ్గర దగ్గరే. అయితే అక్కడ ఏడున్నర వందల ఏళ్ల కిందటే ఆ అంకె అందరూ చదువుకునేలా రాతిమీద ఉంది. వర్తకుడికి కోత ఉందన్న బాధకన్నా, ఎంత కోస్తారో తెలియదన్న భయం పెద్దదని ఆ రాజుకు తెలుసు.

నాకు ఈ మాటల తవ్వకంలో తేలింది ఇదే. మారకం ఎవరి పక్షమూ వహించని మాట. అది ఇచ్చేవాడినీ పుచ్చుకునేవాడినీ సమంగా చూస్తుంది గనుకే ఒకింట మంచి కబురు, ఇంకో ఇంట చెడ్డ కబురు అవుతుంది. మధ్యలో ఎవరు ఎంత తీసుకున్నారో చెప్పే మాట వట్టం. మనం మొదటిదాన్ని రోజువారీ భాషలో ఉంచుకుని రెండోదాన్ని నిఘంటువులో పడుకోబెట్టాం. దాని స్థానంలో ఛార్జీలు, ఫీజులు, మార్జిన్లు అని నాలుగు మాటలు వచ్చాయి, నాలుగింటి మధ్యా లెక్క చెదిరిపోయింది.

తెనాలిలో గొలుసు చేయించుకునే ఇల్లాలు బంగారం ధర అడిగి ఊరుకోదు. ‘తరుగు ఎంత వేశారు? మజూరీ ఎంత?’ అని గట్టిగా అడిగి, చీటీ మీద రాయించుకుని మరీ బేరమాడుతుంది. ఆ రెండు మాటలు ఆమె నోట్లో ఉన్నాయి గనుకే అడగగలుగుతోంది. పేరున్న కోతతో బేరమాడవచ్చు, పేరులేని కోతను భరించడం తప్ప చేసేదేమీ లేదు. అందుకే డాలరెంత ఉందని అడిగే ప్రతి పిల్లవాడికీ పిల్లకూ రెండో ప్రశ్న కూడా నేర్పాలంటాను: వట్టం ఎంత? రూపాయల్లో కడితే ఎంత, డాలర్లలో కడితే ఎంత, కార్డు ఎంత పుచ్చుకుంటుంది, తిప్పి పంపితే ఎంత తగ్గుతుంది? ఈ నాలుగూ అడిగితే తేలేది వట్టం. కొనుగోలుకు ముందే ఆ అంకె తెలుసుకున్నవాడికి మారకం ఎటు మారినా కంగారు సగం తగ్గుతుంది.