గోదావరి లోయలో ఎదురు దిశన పారిన నదులు

చరిత్ర వ్యాసం అనగానే రాజులు, కోటలు గుర్తుకొస్తాయి. నేను మాత్రం రాజులకే కాదు, మనుషులకే ముందున్న నదుల గురించి రాస్తున్నాను.

గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు పారి బంగాళాఖాతంలో కలుస్తుంది. మంచిర్యాల, భద్రాచలం మీదుగా దాని నడక వాయవ్యం నుంచి ఆగ్నేయానికి. అయితే సుమారు 28 కోట్ల ఏళ్ళ క్రితం ఇదే లోయలో పారిన నదుల నడక దీనికి ఎదురు. ఇప్పుడు సముద్రమున్న వైపు నుంచి ఉత్తర వాయవ్యంగా పారేవి. ఈ సాక్ష్యం చెప్పేది ఇసుకరాయి.

1871లో భారత భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు కనుగొన్నారు. సింగరేణి గనులకు అదే మూలం. ఆ బొగ్గు నది పక్కనున్న చిత్తడి అడవుల అవశేషం. బొగ్గు పొరల నడుమ ఉండే మందపాటి ఇసుకరాయి ఆ నదులు మేటవేసిన ఇసుకే. మన ఆఫీసు ఫైలులాగే అడుగు కాగితం పాతది, పైది కొత్తది. ఈ ఫైలులో అట్టడుగున మంచు యుగం నాటి గుండ్రాళ్ళ పొర ఉంది.

దిక్కు ఎలా తెలుస్తుంది? నీరు ఇసుకను తోసుకుంటూ పోయి తిన్నె కొసన జారవిడుస్తుంది. ఇలా జారిన ఇసుక ఏటవాలు గీతల్లా పేరుకుంటుంది. గీతలు ఎటు దిగితే నీరు అటు పారినట్టు. ఒక్క గీతను నమ్మకూడదు, నది వంకర్లు తిరుగుతుంది గదా! వందల గీతలను దిక్సూచితో కొలవాలి. తర్వాత భూమి కదలికల వల్ల పొరలు మొత్తంగా ఒరిగి ఉంటే ఆ ఒరుగును లెక్కలోంచి తీసెయ్యాలి. కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థకు చెందిన సుప్రియ సేన్‌గుప్తా భీమారం ప్రాంతపు ఈ రాళ్ళపై పరిశోధించి 1970లో ప్రచురించారు. గణాంక సంస్థకు రాళ్ళతో ఏం పని అనుకోవచ్చు. ఇంత కొలత, ఇంత లెక్క ఉన్న పని వారికి కాక ఎవరికి తగుతుంది?

ఇసుక ఎక్కడిదో రేణువులే చెబుతాయి. గ్రానైటులోని గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్ పలుకు వేడికీ తేమకూ బంకమట్టి అయిపోతుంది. అది చెడకుండా దొరికితే పుట్టిన కొండ దగ్గర్లోనే ఉందనో, నాటి వాతావరణం చల్లనిదనో అర్థం. జిర్కాన్ రేణువు అంత సులభంగా అరగదు. అందులోని యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిస్తే మూలశిల వయసు తేలుతుంది. ఉత్తరం మీది తపాలా ముద్రలాంటిదన్నమాట.

ఆగ్నేయాన సముద్రముంటే నది ఎక్కడ పుట్టింది? అప్పుడక్కడ సముద్రం లేదు. తూర్పు అంటార్కిటికా మన తూర్పు కోస్తాను ఆనుకొని ఉండేది. సుమారు 13 కోట్ల ఏళ్ళ క్రితం విడిపోయింది. ఎత్తైన నేల ఆ వైపే ఉండేది.

నాకు బాధ కలిగించేది ఒకటుంది. ఓపెన్‌కాస్ట్ తవ్వకంలో ఈ గీతలు గోడ మీద బొమ్మ గీసినట్టు కనిపిస్తాయి. తవ్వకం ముందుకు సాగగానే ఆ గోడ పోయి మట్టిదిబ్బలో కలుస్తుంది. బొగ్గు వద్దనడం లేదు, దేశానికి కరెంటు కావాలి. కానీ ఆఫీసులో పాత రికార్డు తగలబెట్టేటప్పుడు కూడా మనం జాబితా రాసి, అధికారి సంతకం తీసుకునేవాళ్ళం. మీ పిల్లలెవరైనా గనుల్లో పనిచేస్తుంటే, అనుమతి తీసుకుని, గోడ పోయేలోగా గీతల దిక్కు, లోతు, తేదీ రాసి ఫోటోతో దాచమనండి.