మూడు నిమిషాల లైను

మద్రాసులో చెనక్కాయల ధర తెలుసుకోవాలంటే మదనపల్లెలో ఒకప్పుడు ట్రంకు కాల్ బుక్ చేసి కాచుకోవాల్సిందే. ఊళ్లో ఫోన్లు ఎన్నున్నా బయటికి పోయే లైన్లు కొన్నే. ఆర్డినరీ కాల్‌ కంటే అర్జెంటు కాల్ ముందు, అన్నిటికీ ముందు లైట్నింగ్ కాల్. మూడు నిమిషాలు కాగానే ఆపరేటరమ్మ గొంతు మధ్యలో పలికేది: "టైమైపోయింది, పొడిగించమంటారా?" మా నాయన అడగాల్సినవన్నీ ముందే చీటీ మీద రాసుకుని పోయేవాడు. ఆ పద్ధతంటే నాకు ఇప్పటికీ గౌరవం.

ఎన్ని లైన్లుంటే ఎంతమందికి చాలుతాయన్న సూత్రాన్ని కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1917లో ప్రచురించాడు. గంటకు ఎన్ని కాల్స్ వస్తాయన్నదొక్కటే చూస్తే చాలదు, ఒక్కో కాల్ లైనును ఎంతసేపు పట్టుకుంటుందన్నదీ దానితో గుణించాలి. ఈ రెండో సంఖ్యనే జనం మరిచిపోతారు.

1960లో లక్నో, కాన్పూర్ల మధ్య ఎస్టీడీ మొదలైంది. పోనుపోను ఆపరేటరు అవసరం తగ్గింది. హెచ్‌పీ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 2002లో కుప్పంలో ఐ-కమ్యూనిటీ పెట్టి కంప్యూటర్ కేంద్రాలు తెరిచాయి. 2011లో ప్రభుత్వ సేవలందించే మీసేవ వచ్చింది. కౌంటరు ముందున్న క్యూ డేటాబేసు గుమ్మానికి చేరింది.

నేను చూసుకునే ఒక వెబ్ అప్లికేషన్ పుంగనూరు, కుప్పం కేంద్రాల్లో సోమవారం పొద్దున జనం రాగానే బిగుసుకుపోయేది. దాని వెనకున్న డేటాబేసు పోస్ట్‌గ్రెస్, సెట్టింగు మార్చకపోతే అది ఇచ్చే కనెక్షన్లు 100. మాకు నాలుగు సర్వర్లు, ఒక్కోటి తన దగ్గర ఉంచుకునే కనెక్షన్ల పూల్ 30. అంటే 120 అడుగుతున్నాం. పరిమితి పెంచేయమని అందరూ అన్నారు. నేను ఒప్పుకోలేదు. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షనుకూ ఒక ప్రాసెస్ విడిగా నడుస్తుంది, మెమరీ తింటుంది.

ఏ కనెక్షను ఏం చేస్తోందో చూపే పీజీ_స్టాట్_యాక్టివిటీ తెరిస్తే సగానికి పైగా "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" అని కనబడ్డాయి. లైను పట్టుకున్నారు, మాట్లాడటం లేదు! కోడులోకి దిగితే కారణం దొరికింది. ట్రాన్సాక్షన్ తెరిచి, దరఖాస్తు రాసి, కమిట్ చేయకుండానే ఎస్ఎంఎస్ గేట్‌వే జవాబు కోసం కాచుకుంటోంది. గేట్‌వే నెమ్మదించిన రోజు, ఎర్లాంగ్ చెప్పిన ఆ రెండో సంఖ్య అమాంతం పెరిగేది.

ఎస్ఎంఎస్ పంపడాన్ని కమిట్ తర్వాతికి జరిపాం. ఊరికే కూర్చున్న ట్రాన్సాక్షన్‌ను తెంచేసే గడువు పోస్ట్‌గ్రెస్‌లో 2016లో, 9.6 వెర్షన్‌తో వచ్చింది, దాన్నీ పెట్టాం. పూల్‌ను పెంచకపోగా ఒక్కో సర్వరుకు 15కి తగ్గించాం. ఇప్పుడు నాలుగింటికీ కలిపి 60తోనే సోమవారం గడిచిపోతోంది, మిగతావి రిపోర్టులకూ బ్యాకప్‌కూ ఉన్నాయి.